గులాం రసూల్ ఖాన్

గులాం రసూల్ ఖాన్ (మరణం: 1840) కర్నూలును పాలించిన పఠాను నవాబులలో చివరివాడు. ఇతడు 1823 నుండి 1839 వరకు గద్దెపై ఉన్నాడు. కోటలోను, అంతఃపుర ప్రాంగణంలోను రహస్యంగా ఫిరంగులు పోత పోయించి, తుపాకులు, మందుగుండు భారీగా నిల్వ చేశాడన్న ఆరోపణపై ఈస్టిండియా కంపెనీ ఇతని రాజ్యాన్ని స్వాధీనం చేసుకొన్నది. తిరుచిరాపల్లిలో బందీగా ఉండగా హత్యకు గురయ్యాడు. ఇంత చిన్న సంస్థానానికి అంతటి ఆయుధాగారం దేనికన్న ప్రశ్న ఇతని జీవితచరిత్రకు కేంద్రం.

నేపథ్యం

తుంగభద్ర, హంద్రీ నదులు కలిసే చోట వెలసిన కర్నూలుకు పూర్వనామం కందనవోలు. మొగలుల దక్కను దండయాత్రల తరువాత ఈ సీమ పన్నీ వంశపు పఠానుల చేతికి వచ్చింది. 1750లో నిజాం నాసర్ జంగ్ హత్యలోను, 1751లో రాయచోటి సమీపంలో ముజఫర్ జంగ్ మరణించిన పోరులోను కర్నూలు, కడప నవాబుల పాత్ర చరిత్ర ప్రసిద్ధం. తరువాత కడప నవాబుల రాజ్యం హైదర్ అలీ చేతిలో అంతరించగా, కర్నూలు మాత్రం హైదర్‌కు, నిజాముకు కప్పం కడుతూ నిలిచింది.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. అప్పటినుండి కర్నూలు నవాబు ఏటా లక్ష రూపాయల పేష్కషు కంపెనీకి చెల్లించవలసి వచ్చింది. చుట్టూ ఉన్న కడప, బళ్ళారి ప్రాంతాలలో థామస్ మన్రో పాలెగాళ్ళను అణచివేసి, వారి కోటలను, బంట్లను లేకుండా చేశాడు. ఆ విధంగా ఆయుధాలు తీసివేసిన సీమ నడుమ, సొంత కోట, సొంత సైన్యం కలిగిన దీవిగా కర్నూలు మిగిలింది. తరువాతి కథను అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యం.

గద్దెనెక్కుట

1815లో నవాబు అలీఫ్ ఖాన్ మరణించగా వారసత్వపు తగవు వచ్చింది. ముజఫర్ ఖాన్ కోటను ఆక్రమించుకొన్నాడు. కంపెనీ సేన బళ్ళారి నుండి ఫిరంగులతో వచ్చి, కోటను లొంగదీసుకొని మునవ్వర్ ఖాన్‌ను నవాబుగా నిలిపింది. 1823లో మునవ్వర్ చనిపోయాడు. ఆ తరువాత రావలసిన ముజఫర్ ఖాన్ తన భార్యను చంపిన నేరానికి బళ్ళారిలో నిర్బంధించబడ్డాడు. అలా అదే కుటుంబానికి చెందిన గులాం రసూల్ ఖాన్‌కు నవాబు పదవి దక్కింది.

కోట గోడలు ఎంత దిట్టమైనవైనా, గోడపై నిలిపిన ఫిరంగి ఎదుటివాని ఫిరంగికి సాటి రానప్పుడు ఫలితం లేదని 1815 నాటి అనుభవం ఆ కుటుంబానికి నేర్పి ఉండాలి. గులాం రసూల్ ఖాన్ ఆయుధాలపై చూపిన ఆసక్తికి ఇదొక కారణమని ఊహించవచ్చు.

ఇతని పాలనకు మంచి పేరు లేదు. ఊళ్ళను జాగీర్లుగా పంచివేయడం వలన రాబడి తగ్గింది. శ్రీశైల యాత్రికుల నుండి సుంకం వసూలు చేసే పద్ధతి ఇతని కాలంలోను సాగింది. 1830లో కాశీయాత్రకు బయలుదేరి శ్రీశైలం మీదుగా వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ సుంకాన్ని గురించి తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. కొలువులో ఉన్న పఠాను, రొహిల్లా, అరబ్బు సిపాయిల జీతాలు బకాయి పడుతూ ఉండేవి. కంపెనీ అధికారుల వ్రాతలలో నవాబును గురించిన నిందలు కొంత అతిశయోక్తి కావచ్చు గాని, పూర్తిగా కొట్టివేయదగినవి కావు.

ఆయుధాగారం

జీతాలకు లేని సొమ్ము ఎక్కడికి పోయిందో 1839లో తెలిసింది. నవాబు కోటలోనే కొలుములు పెట్టించి, అంతఃపురపు తోటల ఆవరణలో ఫిరంగులు పోత పోయించాడు. బయటివారికి ప్రవేశం లేని జనానా కంటే రహస్యమైన చోటు ఏముంటుంది?

అప్పటి ఫిరంగి పోత సులభమైన పని కాదు. బంకమట్టిలో ఊక, పేడ కలిపి అచ్చు చేసి, నిలువునా గోతిలో పాతి, కరిగిన కంచును ఒక్క విడతగా పోసేవారు. రాగి తొమ్మిది పాళ్ళకు తగరం ఒక పాలు సుమారైన లెక్క. తగరం ఎక్కువైతే గొట్టం పెళుసై పగులుతుంది, తక్కువైతే మెత్తబడి సాగుతుంది. పోతలో గాలి బుడగ చిక్కితే, పేలినప్పుడు ముందుగా చచ్చేది శత్రువు కాదు, ఫిరంగి వెనుక నిలిచినవాడే.

తుపాకి గొట్టం చేసే విధానం వేరు. ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ మెలితిప్పి, కొలిమిలో కాచి, సమ్మెటతో అతుకు కలిపేవారు. మన దేశపు కమ్మరులు ఈ పనిలో ఆరితేరినవారు. గొట్టం, కర్ర మడమ, మీట, రంజకం పోసే గిన్నె అన్నీ వేరువేరు చేతులలో తయారై, చివరకు ఒకచోట కూర్చబడేవి. అందువలన ఒక్కొక్క తుపాకి యజమాని కోరిక ప్రకారం రూపు దిద్దుకొనేది. ప్రభువులు వాడేవాటికి గొట్టంపై బంగారు, వెండి తీగల పొదుగు ఉండేది. శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ చేయించిన, పులి గుర్తులు గల తుపాకులు ఈ కళకు ఉత్తమ ఉదాహరణ. అవి 1799లో కొల్లగొట్టబడి ఇంగ్లండు చేరాయి.

ఆ కాలంలో తుపాకిలో అందరూ మార్చుకోదలచిన భాగం ఒకటే, నిప్పు అంటించే యంత్రం. పాత వత్తి తుపాకి వానలో పనికిరాదు, రాత్రివేళ వత్తి నిప్పు శత్రువుకు కనబడుతుంది. దాని స్థానంలో చెకుముకి రాయి బిగించిన గుర్రం వచ్చింది. మీట నొక్కగానే గుర్రం వాలి, రాయి ఉక్కుకు తగిలి, రవ్వ రంజకంపై పడుతుంది. దేశవాళీ గొట్టం బాగున్నప్పుడు దానిని పారవేయక, సీమ పనితనపు చెకుముకి యంత్రాన్ని దానికే తగిలించుకొనేవారు. నవాబు పాలన చివరి రోజులకు ఐరోపాలో చెకుముకి కూడా పాతబడి, రాగి టోపీ తుపాకులు వస్తున్నాయి. బ్రిటిషు సైన్యంలో సైతం ఆ మార్పు అప్పుడే మొదలవుతున్నది.

ముడిసరకుకు రాయలసీమలో కొరత లేదు. కర్నూలు సీమలోని గని గ్రామంలో పూర్వపు రాగి తవ్వకాలు, కడప సీమలోని జంగంరాజుపల్లె వద్ద సీసపు తవ్వకాలు ఉన్నాయి. పాటిమట్టి నుండి సూరేకారం వండే వృత్తివారు రెండు చోట్లా ఉండేవారు. బొగ్గు నల్లమల ఇస్తుంది. తుపాకిమందుకు వలసిన గంధకం, కంచుకు వలసిన తగరం మాత్రం బయటినుండి రావలసిందే. నవాబు ఏ వస్తువు ఎక్కడ కొన్నాడన్నది పక్కన పెట్టినా, పరిసరాలు ఇటువంటి పనికి అనుకూలమని చెప్పవచ్చు.

1839 సంఘటనలు

1838లో మొదటి అఫ్ఘన్ యుద్ధం మొదలైంది. రష్యా భయం కంపెనీని పట్టి పీడిస్తున్న రోజులవి. అదే సమయంలో హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీలతో కలిసి కుట్ర చేస్తున్నాడని రెసిడెంటు ఫ్రేజర్‌కు సమాచారం అందింది. ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో నిర్బంధించారు. అతడు 1854లో అక్కడే మరణించాడు. ఆ విచారణలో కర్నూలు నవాబు పేరు కూడా వచ్చింది.

1839 అక్టోబరులో కంపెనీ సేన కర్నూలు చేరింది. నవాబు ఎదిరించలేదు. కోటను అప్పగించి, అధికారులకు తన ఆయుధాగారం చూపించాడు. మొదట చూచినవారికి అక్కడ అనుమానించదగినది పెద్దగా కనబడలేదు. ఆ పైన వెదకగా అసలు గుట్టు బయటపడింది. గోడల వెనుక, భూమిలో, జనానా ప్రాంగణంలో వందల సంఖ్యలో ఫిరంగులు, పెద్ద మోర్టార్లు, గుండ్లు, మందు, పోత కొలుములు కనబడ్డాయి. లక్ష రూపాయల కప్పం కట్టే సంస్థానంలో ఇంతటి సామగ్రి చూచి అధికారులు నివ్వెరపోయారు.

నవాబు అప్పటికే కోట వెలుపల జొహరాపురంలో తన సిపాయిల నడుమ ఉన్నాడు. జీతపు బకాయిలు తీరనిదే ప్రభువును కదలనివ్వమని వారు పట్టుబట్టారు. అతడు వారికి నాయకుడో, బందీయో చెప్పడం కష్టం. అక్టోబరు 18న కర్నల్ డైస్ నాయకత్వంలో కంపెనీ సేన జొహరాపురంపై దాడి చేసింది. శ్రీకాకుళం పేరు ధరించిన మద్రాసు 34వ పదాతి దళం ఇందులో పాల్గొన్నది. పఠానులు, రొహిల్లాలు, అరబ్బులు తీవ్రంగా పోరాడారు. ఇరువైపులా ప్రాణనష్టం జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. ఏళ్ళ తరబడి పోత పోసిన ఆ ఫిరంగులు ఆనాడు కోటలోనే, శత్రువు కాపలాలో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నవాబు పక్షాన పేలలేదు.

నిర్బంధం, మరణం

గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి తరలించారు. 1840లో అక్కడ అతడు కత్తిపోటుకు గురై మరణించాడు. హంతకుడు అతని సేవకుడేనని ఒక కథనం, ఒక ఫకీరు అని మరొక కథనం. నవాబు క్రైస్తవం వైపు మొగ్గుతున్నాడన్న వదంతి హత్యకు కారణమని రెండవ కథనం చెబుతుంది.

అభిప్రాయ భేదాలు

కంపెనీ దృష్టిలో ఇతడు రాజద్రోహి. ఇరవయ్యవ శతాబ్దిలో స్వాతంత్ర్యోద్యమ చరిత్ర వ్రాసినవారిలో కొందరు 1857కు ముందే తిరుగుబాటుకు సిద్ధపడిన వీరునిగా ఇతనిని గౌరవించారు. ఇది ఆయుధాలపై మోజు మాత్రమే అనే అభిప్రాయమూ ఉన్నది. అయితే మోజు కోసం చేయించినవాటిని నలుగురికీ చూపుకొంటారు గాని గోడల వెనుక పూడ్చరు. కనుక యుద్ధ సన్నాహమన్న వాదనకే బలం ఎక్కువ. అది ఎవరిపై, ఎప్పుడు, ఎవరి తోడుతో అన్నది వేరే ప్రశ్న. ఫిరంగి లాగే ఎడ్లకు, పేల్చే గోలందాజులకు, సిపాయిల జీతాలకు తగిన ఏర్పాటు లేకుండా కంచు మాత్రం పోగు చేయడం నవాబు ఆలోచనలోని పెద్ద లోపం.

తదనంతరం

కర్నూలు రాజ్యాన్ని కంపెనీ కలుపుకొని ఒక కమిషనరు పాలనలో ఉంచింది. నవాబు బంధువులకు పింఛన్లు ఏర్పరచింది. ఏడేళ్ళకు, 1846లో, పక్కనే కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేశాడు. అతనిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. 1858లో కోయిలకుంట్ల మొదలైన తాలూకాలను కడప నుండి విడదీసి, నవాబు పాలించిన సీమతో కలిపి కర్నూలు జిల్లాను ఏర్పాటు చేశారు. కోట గోడలు చాలావరకు పోయినా కొండారెడ్డి బురుజు నిలిచి ఉన్నది. జొహరాపురం ఇప్పుడు కర్నూలు నగరంలో ఒక పేట.