నలభై ఒక్క అడుగుల ఎత్తు

రాబర్ట్ గొడార్డ్ 1882 అక్టోబరు 5న అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ అనారోగ్యమే. 1899లో ఓ రోజు ఎండుకొమ్మలు నరకడానికి చెర్రీ చెట్టెక్కి, అక్కణ్ణుంచే అంగారక గ్రహానికి పోయే యంత్రాన్ని ఊహించుకున్నాడు. తర్వాత క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసరయ్యాడు.

గాలి తీసేసిన గొట్టాల్లో రాకెట్లు పేల్చి, శూన్యంలోనూ అవి పనిచేస్తాయని రుజువు చేశాడు. అయినా 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్, నెట్టుకోవడానికి గాలే లేనిచోట రాకెట్టెలా కదుల్తుందని ఎగతాళి చేసింది. న్యూటన్ మూడో సూత్రం తెలియంది ఎవరికో మన ఇంటర్ కుర్రాడైనా చెబుతాడు! ఆయన మాత్రం ఆ దెబ్బతో ముడుచుకుపోయాడు. తన పని నలుగురితో పంచుకోలేదు. అది సరి కాదనే నేనంటాను.

1926 మార్చి 16న ఆబర్న్‌లో, బంధువులావిడ పొలంలో, మంచు మీద పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో రాకెట్టు వెలిగించాడు. అది వెంటనే లేవలేదు. ఇంధనం కాలి, బరువు అభిబలం కన్నా తగ్గాకే కదిలింది. ఈలోగా భార్య ఎస్తేర్ చేతిలోని కెమెరా 7 సెకన్లు తిరిగి ఆగిపోయింది పాపం! రాకెట్టు 41 అడుగులు లేచి, రెండున్నర సెకన్లలో 184 అడుగుల అవతల క్యాబేజీ మడిలో పడింది.

ఇంతేనా అనిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. 2×32×41కి వర్గమూలం సుమారు 51. సెకనుకు 51 అడుగుల తొలివేగంతో రాయి విసిరితే చాలు, అదీ 41 అడుగులెక్కుతుంది. మా ఊళ్ళో చింతకాయలు రాల్చే పిల్లలకది కష్టం కాదు. కానీ రాయి చెయ్యి వదిలిన క్షణం నుంచీ వేగం తగ్గడమే. రాకెట్టుకు మంట ఉన్నంతసేపూ వేగం పెరుగుతూనే ఉంటుంది. బరువు పోను మిగిలిన త్వరణం 32 అడుగులే అనుకుందాం, గాలి నిరోధం వదిలేద్దాం. 10 సెకన్లు మండితే 1,600 అడుగులు లేస్తుంది. అప్పటికొచ్చిన 320 అడుగుల వేగంతో మంటారాక ఇంకో 1,600 ఎక్కుతుంది. అదే 20 సెకన్లు మండితే మొత్తం 12,800! కాలం రెట్టింపు, ఎత్తు నాలుగింతలు. అందుకే ఆయన ఎత్తు చూసి కుంగిపోక, మంటను నిలబెట్టే పనిలో పడ్డాడు. 1930లో న్యూమెక్సికోలోని రోస్‌వెల్ చేరి, 1935లో 7,500 అడుగులు దాటించాడు.

1945 ఆగస్టు 10న గొంతు క్యాన్సర్‌తో పోయాడు. అపోలో-11 చంద్రుడి వైపు బయల్దేరిన మర్నాడు, 1969 జులై 17న, న్యూయార్క్ టైమ్స్ తన పాత మాట దిద్దుకుంది. ఎస్తేర్ అప్పటికి బతికే ఉంది.