పేరు, ఊరు, తేదీ

ఆలిస్ సీలీ హారిస్ 1870లో ఇంగ్లండులో జన్మించారు. 1898లో జాన్ హారిస్‌ను వివాహమాడి, ఆ ఏడే భర్తతో కలిసి మిషనెరీగా కాంగో వెళ్లారు. పేరుకు అది కాంగో స్వేచ్ఛా రాజ్యం. నిజానికి ఆ దేశమంతా బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ సొంత ఆస్తి. అడిగినంత రబ్బరు తేలేని ఊళ్లపై కంపెనీ కావలివారు పడి మనుషులను చంపేవారు, చేతులు నరికేవారు. మిషనెరీలు ఈ సంగతి రాస్తే, అవి కట్టుకథలని రాజు పక్షంవారు కొట్టిపారేశారు.

1904 మే నెలలో వాలా గ్రామస్థుడైన న్సాలా బరింగాలోని మిషన్ ఇంటికి ఆకులో చుట్టిన చిన్న మూటతో వచ్చారు. అందులో ఉన్నవి ఆయన ఐదేళ్ల కూతురు బోఆలి చెయ్యి, పాదం. అంతకుమించి ఆ తండ్రికి ఏమీ మిగల్చలేదు. ఆలిస్ ఆయనను వరండాలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. తండ్రి పేరు, బిడ్డ పేరు, ఊరి పేరు, చంపింది ఏ కంపెనీవారన్న సంగతి ఆ ఫొటోతోపాటు నమోదయ్యాయి. పత్రికా రచయిత ఇ.డి. మోరెల్ దానిని ఆ ఏడే తన పుస్తకంలో అచ్చువేశారు.

ఒత్తిడి పెరిగి రాజే విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. ఆ సంఘం బరింగా వచ్చినప్పుడు జాన్ సాక్ష్యమిచ్చారు. లోంతులు అనే గ్రామ పెద్ద 110 పుల్లలు బల్లమీద ఉంచి, ఒక్కొక్క పుల్లకు చనిపోయినవారి పేరు ఒక్కొక్కటిగా చెప్పారు. దౌర్జన్యాలు నిజమేనని 1905 నివేదిక ఒప్పుకుంది. హారిస్ దంపతులు ఊరూరా సభల్లో మ్యాజిక్ లాంతరుతో ఆ ఫొటోలు చూపించారు. 1908లో కాంగో రాజు చేతిలోనుంచి బెల్జియం ప్రభుత్వానికి మారింది. లియోపోల్డ్ మాత్రం ఏ న్యాయస్థానం ముందూ నిలబడలేదు. ఆలిస్ 1970లో, నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, హింసకు గురైన విశ్వాసుల ఫొటోలు నేడు మన సంఘాల వాట్సాప్ గ్రూపులకు తరచూ వస్తుంటాయి. ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అని అడగకుండానే కన్నీళ్లతో పంపించేస్తాం. అది వేరే దేశానిదో పాతదో అని తేలిన రోజున, నిజంగా దెబ్బతిన్న సహోదరుని మాట కూడా లోకం నమ్మదు. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే మాట స్థిరపడుతుందని ధర్మశాస్త్రం నియమించింది అందుకే. అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన ఆజ్ఞ మన జాలికి మినహాయింపు ఇవ్వలేదు. బాధితుని పక్షాన నిలబడదలచిన మనం ముందు ఆయన పేరు, ఊరు, తేదీ సరిగా రాసుకుందాం. హేబెలు రక్తపు మొర విన్న దేవుడు మన సాక్ష్యాన్ని కూడా వింటున్నాడు.