ఫానీ కాక్రేన్ స్మిత్

ఆస్ట్రేలియా ఖండానికి దక్షిణాన ఉన్న ద్వీపం టాస్మానియా. ఆంగ్లేయుల దాడులకూ, వ్యాధులకూ బలికాగా మిగిలిన అక్కడి ఆదివాసులను ప్రభుత్వం ఫ్లిండర్స్ ద్వీపంలోని వైబలెన్నా శిబిరానికి తరలించింది. ఫానీ 1834లో ఆ శిబిరంలోనే జన్మించింది.

పసితనంలోనే ఆమెను తల్లిదండ్రుల నుండి వేరుచేసి మతబోధకుని ఇంట ఉంచారు. కరుణను బోధించవలసిన ఆ ఇంట ఆమెకు దక్కినవి నిరాదరణ, దెబ్బలు. అటుపై హోబర్టు అనాథ పాఠశాల, మరల ఆ బోధకుని ఇంటనే దాస్యం. అట్టి బాల్యం గడిపిన మనిషి ఆ మతాన్నే ద్వేషించినా ఆశ్చర్యం లేదు. కాని ఫానీ దైవాన్ని, దైవం పేరిట తనను హింసించిన వారిని వేరుగా చూడగలిగింది.

1854లో విలియం స్మిత్ అనే ఆంగ్లేయుని వివాహమాడి, పదకొండుమంది బిడ్డలను పెంచింది. మెథడిస్టు శాఖలో చేరి, నికల్స్ రివ్యులెట్‌లోని తన వంటింటినే ప్రార్థనామందిరంగా మార్చింది. తరువాత చర్చి నిర్మాణానికి స్వంత భూమిని దానం చేసింది. ఆమె కుమారులలో ఒకరు బోధకుడయ్యాడు.

క్రైస్తవురాలైనందుకు ఆమె తన జాతి సంప్రదాయాలను విడువలేదు. బుట్టలల్లేది, గవ్వల హారాలు గుచ్చేది, వనమూలికలు సేకరించేది, పూర్వుల పాటలు పాడేది. 1899లోను, 1903లోను ఆ పాటలను మైనపు స్తూపాలపై ముద్రించారు. 1905 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూసింది. టాస్మానియా ఆదివాసుల భాషలో నాటి గానంగా నేడు మిగిలినవి ఆ ముద్రణలే. 2017లో అవి యునెస్కో వారి ఆస్ట్రేలియా స్మృతి పట్టికలో చేరాయి.