అంగలతో హిమాలయాన్ని కొలిచిన బడిపంతులు

హిమాలయాలు ఎక్కదలచినవాడు మొట్టమొదట చేసే పని పటం పరచుకోవడం. ఏ లోయలో ఏ ఏరు పారుతోంది, ఏ కనుమ ఎంత ఎత్తున ఉంది, సమోన్నత రేఖలు ఎక్కడ దగ్గరపడి నిట్టనిలువు కొండను చూపిస్తున్నాయి, ఎక్కడ ఎడమై గుడారానికి చోటుందని చెబుతున్నాయి, ఇవన్నీ కాగితం మీదే తెలిసిపోతాయి. ఇప్పుడైతే ఉపగ్రహాలున్నాయి. అవేవీ లేని రోజుల్లో, హిమాలయాల ఆవల తెల్లగా మిగిలిపోయిన కాగితం మీద నమ్మదగిన గీతలు గీసినవాళ్ళలో అగ్రగణ్యుడు పెద్ద సైన్యాధికారి కాదు, విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ కాదు. కుమావూ కొండల్లోని ఒక పల్లెటూరి బడిపంతులు. ఆయన పేరు నైన్‌సింగ్ రావత్.

నైన్‌సింగ్ 1830లో పుట్టాడు. ఇప్పటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, పిథోరాగఢ్ జిల్లాలో, జోహార్ లోయలోని మిలాం గ్రామం ఆయన కుటుంబానిది. అక్కడి భోటియాలు వేసవిలో కనుమలు దాటి టిబెట్‌కు ధాన్యం తీసుకుపోయి, ఉప్పూ ఉన్నీ తెచ్చుకునే వర్తకులు. అందువల్ల ఆయనకు టిబెటన్ భాష, ఆచారాలు చిన్ననాడే పట్టుబడ్డాయి. కలిగిన కుటుంబం మాత్రం కాదు. 1855లో ష్లాగింట్‌వైట్ సోదరులనే జర్మన్ శాస్త్రజ్ఞుల వెంట కొలువుకు కుదిరి, పరికరాలు పట్టుకోవడం నేర్చుకున్నాడు. తర్వాత సొంత ఊళ్ళో బడి చెప్పుకున్నాడు. పండిత్ అనే పేరు అలా వచ్చిందే.

ఆయన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే మన హైదరాబాదు రాజ్యం మీదుగానే ఉత్తరాదికి సాగింది. హిమాలయాల దాకా వెళ్ళి, దూరం నుంచే కోణాలు తీసుకుని శిఖరాల ఎత్తులు లెక్కకట్టింది. ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. కానీ త్రికోణమితికి ఒక ఇబ్బంది ఉంది. కంటికి కనబడని దాన్ని అది కొలవలేదు. శిఖరం కనిపిస్తుంది, శిఖరం వెనక ఉన్న లోయ, నది, దారి కనబడవు. అవి కావాలంటే మనిషి వెళ్ళి నడవాల్సిందే. టిబెట్ సరిహద్దుల్లో తెల్లవాళ్ళకు ప్రవేశం లేదు. అందుకని కాప్టెన్ మాంట్‌గోమరీ అనే సర్వే అధికారి కొండప్రాంతపు మనుషులనే తయారు చేద్దామనుకున్నాడు. 1863లో నైన్‌సింగ్, ఆయనకు అన్న వరసయ్యే మాణీసింగ్ డెహ్రాడూన్ చేరారు.

అక్కడ వాళ్ళకు నేర్పిన మొదటి పాఠం నడక. ఎగుడైనా దిగుడైనా, రాళ్ళయినా మంచయినా అంగ పొడవు మారకూడదు. మైలుకు సుమారు 2,000 అంగలు. చేతిలో జపమాల. మామూలు మాలలో 108 పూసలుంటే దీనిలో 100 మాత్రమే. వంద అంగలకు ఒక పూస జారవిడవాలి. మాల ఒక చుట్టు పూర్తయిందంటే 10,000 అంగలు, అంటే అయిదు మైళ్ళు నడిచినట్టు.

ఇది చెప్పినంత సులువు కాదని మాబోటి రైతు బిడ్డలకు తెలుసు. సర్వే గొలుసు అందుబాటులో లేనప్పుడు మా ఊళ్ళో చేను గట్టును అంగలతోనే కొలుస్తారు. ఆ చివరికి పోయేలోగా ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది. మళ్ళీ మొదటికి రావాలి. ఎకరం చేనుకే మన అవస్థ ఇదైతే, దొంగల భయం, చలి, దారి పొడుగునా తోటి ప్రయాణికుల కబుర్ల మధ్య నెలల తరబడి లెక్క తప్పకుండా నడవడం ఎంతటి నిగ్రహమో ఊహించండి! ఎవరైనా దగ్గరికొస్తే జపం చేసుకుంటున్నట్టు నటించేవాడు. భక్తుణ్ణి ఎవరూ కదిలించరు కదా!

ప్రార్థనా చక్రంలో మంత్రాల చుట్టకు బదులు కొలతలు రాసిన కాగితాలు ఉండేవి. పెట్టె అడుగున దొంగ అరలో సెక్స్‌టెంటు, చేతికర్రలో థర్మామీటరు, గవ్వల్లో మైనంతో మూసిన పాదరసం. రాత్రి అందరూ పడుకున్నాక ఆ పాదరసాన్ని చెక్క గిన్నెలో పోసేవాడు. పాదరసం తలం ఎప్పుడూ సమంగానే నిలుస్తుంది కాబట్టి కొండలు క్షితిజాన్ని మూసేసినా బెంగలేదు. నక్షత్రానికీ, గిన్నెలోని దాని ప్రతిబింబానికీ మధ్య కోణం తీసి సగం చేస్తే నక్షత్రపు ఎత్తు వస్తుంది. దాని నుంచి అక్షాంశం తేలుతుంది. ఇక ఎత్తు కొలవడానికి నీళ్ళు కాచేవాడు. పైకి పోయేకొద్దీ వాయుపీడనం తగ్గి, సుమారు 300 మీటర్లకు ఒక సెంటిగ్రేడు డిగ్రీ చొప్పున మరుగు స్థానం పడిపోతుంది. మనం ప్రయోగశాలలో మార్కుల కోసం చేసే ప్రయోగమే ఇది. ఆయన ప్రాణాల మీదికి తెచ్చుకుని చేశాడు.

ఉత్తర దక్షిణాలుగా నడిస్తే అంగల లెక్కలో వచ్చిన తప్పును అక్షాంశంతో సరిచూసుకోవచ్చు. తూర్పు పడమరలుగా నడిస్తే ఆ ఆసరా లేదు. రేఖాంశానికి నమ్మకమైన గడియారం కావాలి. నైన్‌సింగ్ నడిచిన దారి ఎక్కువ భాగం తూర్పు పడమరల దారే! అక్కడ సాక్ష్యం చెప్పేవి ఆయన పాదాలు, దిక్సూచి మాత్రమే.

1865లో ఖాట్మండు మీదుగా, లడఖ్ వర్తకుడి వేషంలో టిబెట్‌లో అడుగుపెట్టాడు. త్సాంగ్‌పో నది వెంట సాగి 1866 జనవరిలో లాసా చేరాడు. చేతిలో డబ్బు అయిపోతే అక్కడి వ్యాపారులకు లెక్కలు నేర్పి పొట్టపోసుకున్నాడు. అనుమతి లేకుండా ఊళ్ళోకొచ్చిన ఒకడికి నడివీధిలో తల తీయడం కళ్ళారా చూశాడు. అయినా పరికరాలు పారేయలేదు. తిరుగు ప్రయాణంలో నది వెంట ఎగువకు నడిచి, మానససరోవరం మీదుగా స్వదేశం చేరాడు. మొత్తం కొలత 1,200 మైళ్ళు. మైలుకు 2,000 చొప్పున 24 లక్షల అంగలు. ఆయన తేల్చిన లాసా అక్షాంశం ఈనాటి కొలతకు చాలా దగ్గరగా ఉంది.

1867లో థోక్ జాలుంగ్ బంగారు గనులకు, 1874-75లో లేహ్ నుంచి లాసా మీదుగా తవాంగ్ దాటి అస్సాంకు ఇంకా రెండు యాత్రలు చేశాడు. చివరిది 1,300 మైళ్ళ పైచిలుకు. ఆ తర్వాత ఆరోగ్యం సహకరించలేదు. కొత్తవాళ్ళకు తర్ఫీదు ఇచ్చాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణ పతకం ఇచ్చింది. ప్రభుత్వం భూమిని ఇనాముగా ఇచ్చింది. అంతవరకూ అచ్చైన నివేదికల్లో ఆయనకు పేరే లేదు. ఉత్త పండిత్ మాత్రమే.

ఒక్క సంగతి దాచకూడదు. ఆ పటం గీయించింది సామ్రాజ్యం, తన అవసరం కోసం. 1904లో బ్రిటిష్ సేన లాసాలో ప్రవేశించేనాటికి ఆ నగరం వాళ్ళ పటాల్లో తన చోట తానుంది. తనకు చోటిచ్చిన మనుషుల దగ్గర నైన్‌సింగ్ తానెవరో దాచాడన్నదీ నిజమే. కొలిచినవాడు ఒకడు, దాన్ని వాడుకున్నవాడు మరొకడు. విజ్ఞానశాస్త్రం చదువుకునే మనం ఆయన నిజాయితీని నేర్చుకోవడంతో పాటు, మన కొలతలు ఎవరి చేతికి పోతున్నాయో అడగడం కూడా నేర్చుకోవాలి.

2004లో మన తపాలా శాఖ నైన్‌సింగ్ పేర స్టాంపు విడుదల చేసింది. ఆలస్యమైనా మంచి పని. పర్వతాల పటంలో సన్నని గీతగా కనిపించే దారి వెనక, వంద పూసల మాలను తిప్పుకుంటూ, ఒక్క అంగనూ అబద్ధం చెప్పనివ్వకుండా నడిచిన బడిపంతులు ఉన్నాడు. మిత్రులారా, కొండలెక్కినా ఎక్కకపోయినా, మన పనిలో ఆ లెక్క తప్పకుండా ఉంటే చాలు.