గోలకొండ కవులను లోకమునకు చూపిన సురవరము

ఒక సీమయందు కవులున్నారా, లేరా యను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని ఆ ప్రశ్నలో ఆ సీమ ప్రజల మానమర్యాదలు ఇమిడియుండును. కవి లేని నేలకు నోరు లేదని లోకము తలంచును. నోరు లేనివారి సుఖదుఃఖములు ఎవరి లెక్కకును రావు. ఇరువదవ శతాబ్ది మూడవ, నాల్గవ దశాబ్దులలో తెలంగాణమునకు ఇట్టి పరీక్షయే యెదురైనది. ఆ పరీక్షకు కోపముతో గాక కృషితో, వాదముతో గాక గ్రంథముతో సమాధానము చెప్పిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించిరి. వారి స్వగ్రామము అలంపురము ప్రాంతమందలి ఇటిక్యాలపాడు. అది ఆనాడు పాలమూరు సీమలోనిది. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ భూభాగమును జనులు నడిగడ్డ యందురు. తుంగభద్ర దాటిన కర్నూలు. ఈ యొడ్డున నిజాము ప్రభుత్వము, ఆ యొడ్డున ఆంగ్లేయుల పాలనము. రెండొడ్డులను మాటలాడునది తెలుగే. బాలుడగు ప్రతాపరెడ్డి కర్నూలులో చదువుకొనెను. అందువలన ఒకే భాష వారికి ఏటి కావల ఒక గౌరవము, ఏటి కీవల మరొక గౌరవము ఎట్లు కలుగుచున్నవో చిన్ననాటనే కన్నులార చూచుట తటస్థించెను.

ఈ యనుభవము హుజూర్‌నగర్ సీమవారికిని క్రొత్తది కాదు. నాటి నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిని ఒరసికొని కృష్ణ ప్రవహించుచుండును. అవతలి గట్టున పల్నాడు. అక్కడి బడిలో పిల్లవాడు తెలుగు వాచకము చేతబట్టి చదువుకొనుచుండగా ఇక్కడి పిల్లవాడు సర్కారు బడికి పోయిన ఉర్దూలో లెక్కలు నేర్వవలసి యుండెను. పొలము దస్తావేజు ఉర్దూలో నుండెను. కచేరీలోని తీర్పు ఉర్దూలో నుండెను. తల్లి పాడిన జోలపాటకు, ప్రభుత్వము పలికెడి మాటకు సంబంధము లేకుండెను. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య గరపిన ఘనత గలదే. కాని ఆ దేశభాష రాజ్యమున అధిక సంఖ్యాకులు మాటలాడు తెలుగు కాక ఉర్దూ అయ్యెను.

అట్టి స్థితిలో తెలుగునకు ప్రాణము పోసినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. అయినను సభలో తెలుగు పలుకుట నగుబాటుగ నుండిన కాలమది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార మహాసభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగా కొందరు కేకలు వేసి, హేళన చేసి, వారిని సాగనీయలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కలిసికొని ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. తొమ్మిదేండ్ల తరువాత ఆంధ్రమహాసభగా రూపొందిన మహావృక్షమునకు ఆ యవమానమే విత్తనము.

ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, పిదప మద్రాసున న్యాయశాస్త్రమభ్యసించి పట్టము పొందిరి. సంస్కృతము, ఉర్దూ, పారసీకము వారికి బాగుగ తెలియును. న్యాయవాదిగ ధనమార్జించుటకు వలసిన సామగ్రియంతయు వారియొద్ద నుండెను. అయినను వారి మనస్సు ఆ వృత్తియందు నిలువలేదు. కొత్వాలు రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో నడచుచుండిన రెడ్డి విద్యార్థి వసతిగృహపు బాధ్యతను వహించి, పల్లెలనుండి చదువునకై వచ్చిన పిల్లలకు అండగా నిలిచిరి. అచ్చట గ్రంథాలయమును పెంచుట, విద్యార్థులచే వ్రాయించుట వారికి ప్రియమైన పనులు.

1926 మే నెలలో వారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. ఆ పేరునందే యొక సమాధానము కలదు. గోలకొండనేలిన కుతుబ్‌షాహీలలో ఇబ్రహీము తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని కీర్తి కెక్కెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకంకితమిచ్చెను. పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగున యయాతి చరిత్రమును రచించి అమీనుఖానునకు సమర్పించెను. ముసల్మాను ప్రభువుల కొలువులో తెలుగు వర్ధిల్లిన చరిత్ర యీ నేలకే కలదనియు, భాషలకు మతము అడ్డు గాదనియు ఆ పేరు తలపించుచుండెను. పారసీకమెరిగిన సంపాదకుడు ఉర్దూను ద్వేషింపలేదు. తెలుగునకు దక్కవలసిన పీట తెలుగునకు దక్కవలెనని మాత్రమే కోరెను.

ఆ పత్రికను నడపుట కత్తిమీది సాము. వారమునకు రెండుమార్లు వెలువడు ఆ పత్రికకు సంపాదకుడు, విలేఖరి, అచ్చుతప్పులు దిద్దువాడు ఒక్కరే యనదగినట్లుండెను. వ్యాసకర్తలు చాలనపుడు ప్రతాపరెడ్డిగారే అనేకములగు మారుపేర్లతో వ్రాసి పుటలు నింపిరి. ఒక పేరుతో చరిత్ర, ఒక పేరుతో హాస్యము, మరియొక పేరుతో విమర్శ సాగించిరి. సభ జరుపవలెనన్న ముందుగ అనుమతి పొందవలెనని శాసించు గస్తీ నిషాన్ 53 అమలులో నుండిన రాజ్యమున, అధికారుల కన్ను పత్రికపై నెల్లప్పుడు నుండుట సహజము. చెప్పవలసినది చెప్పవలెను, పత్రిక బ్రతుకవలెను. ఈ రెంటిని సమన్వయించుటలో వారి నేర్పు అసామాన్యము.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటయందు నిజాము రాష్ట్రాంధ్రమహాసభ ప్రథమ సమావేశము జరిగినపుడు అధ్యక్షపీఠము వారికే దక్కెను. ఆది హిందూ నాయకుడగు భాగ్యరెడ్డివర్మ ఆ సభలో పాల్గొనుట కొందరు పూర్వాచారపరులకు రుచింపలేదు. తెలుగువారిని ఇతరులు తక్కువ చేయుచున్నారని వగచువారు తమలో కొందరిని తాము తక్కువ చేయుట తగునా యను ప్రశ్న ఆనాడే ఆంధ్రోద్యమపు గుమ్మమున నిలిచినది. మహాసభ ఆ పిదప ఊరూర సాగి, 1941లో హుజూర్‌నగర్ సీమలోని చిలుకూరునకు చేరునప్పటికి రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన రైతుకూలీల మొరను వినిపించు వేదికయై మారుచుండెను.

ఇంతలో బయటివారి హేళనకు తోడు ఇంటివారి మాటయు గాయపరచెను. నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా పూజింపదగినదనియు, సున్నయనియు అర్థములు కలవు. ఇచ్చట ఉద్దేశింపబడినది సున్నయే. పరభాషీయుడు మన భాషను తృణీకరించిన కోపము వచ్చును. మన భాషవాడే మనను లెక్కనుండి తొలగించిన దుఃఖము వచ్చును. ప్రతాపరెడ్డిగారు ఈ దుఃఖమును పనిగా మార్చిరి. తెలంగాణమందలి కవులు తమ రచనలను, వివరములను పంపవలసినదిగా పత్రికాముఖమున పిలుపునిచ్చిరి.

ఆ పిలుపు పల్లెలకు చేరెను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానముల విద్వత్కవులు మొదలుకొని మారుమూల గ్రామములలో ఎవరికిని చూపక పద్యములు వ్రాసికొనుచున్నవారి వరకు పలికిరి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడినది. అందు 354 మంది కవులు నిలిచిరి. వారిలో స్త్రీలును కలరు. వివిధ కులములవారును, వివిధ వృత్తులవారును కలరు. అంతవరకు తన ఊరివారికే తెలిసిన కవి, అచ్చులో తన పేరును ఊరిని చూచుకొని, తాను ఒంటరి కాడని గ్రహించెను. పొరుగు తాలూకాలో తనవంటివాడు మరియొకడు కలడని తెలిసికొనెను. సున్నయన్న వానికి సమాధానము లభించుట ఒక ఫలితము. కవులకు పరస్పర పరిచయము కలుగుట అంతకంటె పెద్ద ఫలితము.

ఈ కవులు అంతవరకు లోకమునకు తెలియకపోవుటకు కారణము ప్రతిభాలోపము కాదు. అచ్చుకూటములు మద్రాసు, రాజమహేంద్రవరము, బెజవాడలలో నుండెను. పత్రికలక్కడివే, పాఠ్యగ్రంథములక్కడివే, సాహిత్యచరిత్రలు వ్రాయువారక్కడివారే. తెలంగాణపు కవి వ్రాత వ్రాతప్రతిగానే పెట్టెలో మ్రగ్గెను. రంగనాథ రామాయణకర్తయగు గోన బుద్ధారెడ్డికి, రాచకొండనేలిన సర్వజ్ఞ సింగభూపాలునికి నిలయమైన ఎత్తునేల యిది. అట్టి నేల ఒక్కసారిగ గొడ్డుపోవుటకు వీలులేదు. కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. ఈ భేదమును నిరూపించుటయే సంచిక చేసిన పని.

ఇట్టి ప్రయత్నము మన యొక్క దేశముననే జరిగినదని తలంపరాదు. అమెరికాలో నల్లజాతివారికి కవితాశక్తి లేదని తెల్లవారు భావించుచుండిన కాలమున జేమ్స్ వెల్డన్ జాన్సన్ అను నల్లజాతి రచయిత 1922లో తనవారి కవితలను ఏర్చి కూర్చి యొక సంకలనమును ప్రకటించెను. ఒక జాతి ఘనతను లోకము కొలుచునది ఆ జాతి సృజించిన సాహిత్యకళలతోడనే యని ఆయన పీఠికలో వాదించెను. పండ్రెండేండ్ల తరువాత హైదరాబాదులో మన సంచిక వెలువడినది. అచ్చటిది వర్ణమువలన కలిగిన తిరస్కారము, బానిసత్వపు గాయములతో కూడినది. ఇచ్చటిది ప్రాంతమువలన కలిగిన చులకన. ఈ రెండింటిని సమానములని చెప్పుట తగదు. కాని తిరస్కృతులు ఎంచుకొన్న మార్గము మాత్రమొక్కటే: ఇదిగో మా కవులు, చదివి చూడుడని గ్రంథమును ముందుంచుట.

సంచికలోని పద్యములన్నియు ఒకే ఎత్తున నున్నవని చెప్పుట సత్యము కాదు. కొన్ని ప్రౌఢములు, కొన్ని సామాన్యములు. అధికభాగము పద్యములే యగుటచే, పొలమున కలుపు తీయుచు పాడు స్త్రీయు, రాత్రులు కథ చెప్పు గాయకుడును ఆ లెక్కకు వెలుపలనే నిలిచిరి. సంఖ్య చూపవలసిన అవసరము వచ్చినపుడు గుణపరీక్షకు కొంత విరామము తప్పదు. ప్రతాపరెడ్డిగారి గొప్పతన మేమనగా, వారు ఆ సంఖ్యతో తృప్తి చెంది ఆగలేదు. కవులను లెక్కించిన చేయి తరువాత ప్రజలను లెక్కింప మొదలిడెను.

దాని ఫలమే 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతవరకు చరిత్రయనగా రాజుల యుద్ధములు, వంశవృక్షములు, శాసనములు. ప్రతాపరెడ్డిగారు తూర్పు చాళుక్యులనాటినుండి 1907 వరకు తెలుగు ప్రజ యేమి తినెను, యేమి కట్టెను, యే యాటలాడెను, యే పండుగలు చేసెను, యే మూఢనమ్మకములకు లొంగెను అని విచారించిరి. పాల్కురికి సోమనాథుని కావ్యములు, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వారికి ఆధారములైనవి. పండితులు అలంకారములకై చదివిన పద్యములలో వారు అంగడి వీథిని, వంటింటిని, పశువుల కొట్టమును వెదకిరి. మరుగుపడిన యాటల పేరులకు, వాడుక తప్పిన మాటలకు అర్థము తేల్చుటకై వారు పడిన శ్రమ పుటపుటన కనబడును. సంచికకు వెలుపల నిలిచిన సామాన్యుడు ఈ గ్రంథమున లోపలికి వచ్చి కూర్చుండెను.

వారి గ్రంథనామమున ఆంధ్రులనియే యున్నది, తెలంగాణమని లేదు. వారికి తెలుగుజాతి యంతయు ఒక్కటే. అయినను ఆ యొక్క కుటుంబములో తన ఇంటివారిని లేనివారిగా చెప్పిన వారూరకుండలేదు. కుటుంబముపై ప్రేమ యుండుటచేతనే వాటాను గూర్చి అడిగిరి. కలిసియుండుట యనగా కరగిపోవుట కాదని వారి జీవితము చెప్పుచున్నది. తరువాతి చరిత్రలో తెలుగువారు కలియుటయు, 2014లో రాష్ట్రములుగా విడివడుటయు జరిగినవి. ఏకత్వమును కోరినవారును, ప్రత్యేకత్వమును కోరినవారును ప్రతాపరెడ్డిగారిని తమవారని చెప్పుకొనుటకు కారణమిదియే.

1952 ఎన్నికలలో వారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. కాని రాజకీయములు వారి ఆయువును ఎక్కువకాలము చూడలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున వారు పరమపదించిరి. ఆంధ్రరాష్ట్రము అవతరించుటకు అప్పటికి ఇంకను అయిదు వారములు మిగిలియుండెను. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి పురస్కారమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. సున్నయని చెప్పబడిన నేలనుండి వచ్చిన గ్రంథమే తెలుగున మొదటి లెక్కకెక్కినది. తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టెను.

విద్యార్థులు వారి సాంఘిక చరిత్రను పరీక్షకై గాక, తమ ఊరిని చూచుటకు వలసిన కన్నుగా చదువవలెను. తాతమ్మ చెప్పు సామెత, జాతరలో పాడు పాట, పాత ఇంటి అటుకపై నున్న వ్రాతపుస్తకము వీనిని ఉపాధ్యాయుడొకడు పిల్లలచే సేకరింపజేసి, పేరుతో ఊరుతో వ్రాయింపగలిగిన యెడల ప్రతాపరెడ్డిగారి పని ఆ బడిలో కొనసాగుచున్నట్లే. కవులు లేని ఊరుండదు. అడిగి వ్రాసికొనువారు లేని ఊళ్ళే కలవు.