మెత్తని కటకముల సృష్టికర్త ఓటో విఖ్టర్లె

మన కళాశాలలో కాంటాక్ట్ లెన్సులు ధరించు విద్యార్థులను చూచినపుడు మాకు ఓటో విఖ్టర్లె జీవితము స్మృతికి వచ్చును. ఆయన 1913లో నేటి చెక్ దేశమునందలి ప్రొస్తెయోవ్ పట్టణమున జన్మించి, ప్రాగ్ నగరమున రసాయనశాస్త్రమభ్యసించెను. 1942లో గెస్టపో ఆయనను చెరబట్టినది. 1958లో రాజకీయ కారణములచే విద్యాలయమునుండి తొలగింపబడెను. అయినను పరిశోధన మానలేదు. నీటిని పీల్చుకొని మెత్తబడు పాలిమరుతో, 1961 క్రిస్మస్ దినములలో, తన యింటనే, పిల్లల ఆటసామానుతోను సైకిలు డైనమోతోను యంత్రమును కూర్చి, మెత్తని కటకములను తయారుచేసెను. 1971లో అమెరికా ప్రభుత్వము వాటి విక్రయమునకు అనుమతినిచ్చినది. 1968నాటి సంస్కరణలను సమర్థించినందులకు మరల పదవిని కోల్పోయిన ఆయన, 1990లో దేశ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడై, 1998లో కన్నుమూసెను.

అయితే ఆ వరమునకు ఒక హద్దు గలదు. కార్నియాలో రక్తనాళములు లేవు. అది ప్రధానముగా గాలినుండియే ప్రాణవాయువును గ్రహించును. తొలినాటి మెత్తని కటకములు ఆ వాయువును కొలదిగనే పోనిచ్చెడివి. ఏండ్ల తరబడి, ముఖ్యముగా నిద్రలోను ధరించినచో, కార్నియా ఉబ్బును, అంచులనుండి రక్తనాళములు లోనికి ప్రాకును, క్రిములు సోకి పుండుపడి చూపే పోవచ్చును. నేటి సిలికాన్ హైడ్రోజెల్ కటకములు వాయువును అధికముగా పోనిచ్చినను, క్రిముల భయము తొలగలేదు. కావున విద్యార్థులు రాత్రివేళ వాటిని తీసివేయవలెననియు, కుళాయినీట కడుగరాదనియు, కన్ను ఎఱ్ఱబడినచో వెంటనే వైద్యుని చూడవలెననియు మా మనవి.