చమురు దేశానిదన్నాడు, సొంత ఇంట్లోనే ఖైదీ అయ్యాడు: డాక్టర్ ముసద్దిక్ జీవితం

నేషనల్ ఇరానియన్ ఆయిల్ కంపెనీ పేరు ఇప్పుడు ఎక్కువగా ఆంక్షల వార్తల్లోనే వినిపిస్తుంది. ఆ ప్రభుత్వ కంపెనీ పుట్టడానికి కారకుడైన పెద్దాయన గురించి మాత్రం మన కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ ముసద్దిక్.

1882లో తెహ్రాన్‌లో పుట్టారు. తండ్రి ఖజానా అధికారి, తల్లి ఖాజార్ రాజవంశం ఆడపడుచు. అంటే కలవారి బిడ్డే. పారిస్‌లో, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో చదివి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1925లో రెజా ఖాన్ సింహాసనం ఎక్కబోతుంటే, మజ్లిస్‌లో లేచి కాదన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. (మజ్లిస్ అంటే మన హైదరాబాదీలకు పార్టీ గుర్తొస్తుంది. ఇరాన్‌లో అది పార్లమెంటు.) 1940లో అదే రెజా షా ఆయన్ని జైలుకు పంపాడు.

ఇక చమురు సంగతి. 1901లో ఖాజార్ షా ఒక బ్రిటిష్ వ్యాపారికి 60 ఏళ్లకు చమురు హక్కులు రాసిచ్చాడు. ఇరాన్‌కు వచ్చేది లాభాల్లో 16 శాతం. 1908లో మస్జిద్ సులేమాన్‌లో చమురు పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే ఆ కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది. చివరికి పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే, కంపెనీ లండన్‌కు కట్టే పన్ను, చమురు సొంతదారైన ఇరాన్‌కు ఇచ్చే రాయల్టీ కంటే ఎక్కువ! అబాదాన్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ. దాని పక్కనే కూలీలుండే మురికివాడ పేరు కాగజాబాద్. పేరులోనే అర్థమవుతోంది కదా.

1951 మార్చిలో మజ్లిస్ చమురును జాతీయం చేసింది. ఏప్రిల్‌లో ముసద్దిక్ ప్రధాని అయ్యారు. ఆరోగ్యం అంతంతమాత్రం, చాలా పనులు మంచంమీదనుంచే చక్కబెట్టేవారు. పాశ్చాత్య పత్రికలు ఆ పైజామాను చూసి నవ్వుకున్నాయి. కానీ ఆ మనిషే అదే ఏడాది న్యూయార్క్ వెళ్లి భద్రతా మండలిలో తన దేశం కేసు వాదించారు. 1952లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం ఈ తగాదాను విచారించే అధికారం తనకు లేదని తేల్చింది. అది ఇరాన్‌కు గెలుపే.

కోర్టులో గెలిస్తే సరిపోతుందా? చమురు అమ్ముడుపోవాలి కదా! బ్రిటన్ ఇరాన్ చమురుపై దిగ్బంధం పెట్టింది. చమురు నింపుకున్న రోజ్ మేరీ అనే ఓడను దారిలోనే ఏడెన్‌కు మళ్లించారు. 1953లో నిషో మారు అనే జపాన్ ట్యాంకర్ మాత్రం ధైర్యం చేసి సరుకు తీసుకెళ్లింది. అలాంటి ఒకటీ అరా ఓడలతో ఖజానా నిండుతుందా?

ఇంట్లోనూ గొడవలు ముదిరాయి. ఆయతుల్లా కాషానీ దూరమయ్యారు. 1953 ఆగస్టులో మజ్లిస్‌ను రద్దు చేయడానికి రెఫరెండం పెట్టారు, అవునన్నవాళ్లకు, కాదన్నవాళ్లకు వేర్వేరు చోట్ల ఓటు! చట్టం చదివిన మనిషి చేయాల్సిన పని కాదది. ఆ నెల 19న అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల అండతో సైన్యం ఆయన్ని దించేసింది. ఇంటిమీదికి ట్యాంకులొచ్చాయి. తన పాత్ర ఉందని సీఐఏ ఒప్పుకున్న పత్రాలు 2013లో బయటికొచ్చాయి.

1954లో విదేశీ కంపెనీల కన్సార్టియం వచ్చింది. పాత బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40, మిగతాది షెల్‌కు, ఫ్రెంచివాళ్లకు. కాగితం మీద చమురు ఇరాన్ జాతీయ కంపెనీదే, పెత్తనం మాత్రం వాళ్లది. అయినా ఆ కంపెనీ బతికింది. 1965లో మన మద్రాస్ రిఫైనరీస్ ఏర్పడినప్పుడు అందులో భారత ప్రభుత్వంతో పాటు దానికీ వాటా ఉండేది.

అప్పటికి ముసద్దిక్ మూడేళ్ల జైలు ముగించుకుని, అహ్మదాబాద్ అనే తన పల్లెలో గృహ నిర్బంధంలో ఉన్నారు. (మన గుజరాత్‌ది కాదు, తెహ్రాన్‌కు పడమరన ఉన్న ఊరు.) 1967 మార్చి 5న కన్నుమూశారు. 1952 జూలైలో తన కోసం వీధుల్లోకొచ్చి ప్రాణాలిచ్చిన వాళ్ల పక్కన ఖననం చేయాలన్నది ఆయన కోరిక. షా ఒప్పుకోలేదు. ఆ పల్లెలో, తాను రోజూ భోంచేసిన గదిలోనే ఆయన్ని ఖననం చేశారు.